తొట్టి అడుగున ఐదు

జల్లెడలో ఐదు పేలు ఉన్నాయి. ఓషిల్డ్ మూడుసార్లు లెక్కపెట్టింది. తగ్గుతాయేమోనన్న ఆశ తప్ప మూడోసారి లెక్కపెట్టడానికి వేరే కారణం లేదు.

ప్రతి మంగళవారం చేసే పనే ఇది. సముద్రంలో చేపలు పెంచే వల పంజరంలోంచి ఇరవై సాల్మన్ చేపల్ని తీసి, మత్తుమందు కలిపిన తొట్టిలో వేసి, అవి సోలిపోయాక ఒక్కోదాని ఒంటిమీది పేలు లెక్కపెట్టాలి. ఏటిలో పుట్టిన పిల్ల సాల్మన్లు సముద్రానికి దిగే ఈ మే వారాల్లో ఇరవై చేపలకు కలిపి పేలు నాలుగు లోపే ఉండాలి. పంజరంలోని పేలు దాటుకుని వెళ్లి ఆ వేలెడేసి పిల్లలకు పదో పన్నెండో పట్టాయంటే ఇక వాటి పని అంతే.

ఇవాళ చేపల మీద దొరికినవి మూడు. నాలుగేళ్లుగా ఓషిల్డ్ అంతటితో సంతకం పెట్టేసేది. మేనమామ ఒడ్వార్ తొట్టి ఎత్తి పారబోసేవాడు. పోయిన వారం బెర్గెన్‌లో శిక్షణకు వెళ్తే, అక్కడి ఆవిడ తొట్టి నీళ్లు కూడా వడకట్టింది. చేప గిలగిల్లాడినప్పుడు పేలు రాలి అడుక్కి చేరతాయట, అవీ లెక్కేనట. మిగతావాళ్లంతా తెలిసిన సంగతేనన్నట్టు కూర్చున్నారు. ఓషిల్డ్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు.

"పిండి జల్లెడ పట్టుకొచ్చావా? మీ అమ్మ చూసిందంటే నిన్ను జల్లిస్తుంది," అన్నాడు ఒడ్వార్. "మూడు రాసి పడెయ్. తొట్టిలోవి చచ్చినవేగా. చచ్చినోళ్లని జనాభా లెక్కల్లో రాస్తారా ఎక్కడన్నా?"

"చేప మీద ఉన్నప్పుడు బతికే ఉన్నాయి కదా మామయ్యా."

ఓషిల్డ్ యజమాని యోస్టైన్‌కు ఫోన్ చేసింది.

"తొట్టిది తొట్టిదే, చేపది చేపదే. పనిలో చేరిన రోజే చెప్పాను కదా నీకు," అన్నాడతను.

"చెప్పావు. కానీ అది తప్పట."

"మూడు వారాల్లో పేల మందు పడవ వస్తోంది, అన్నీ కడిగేస్తాం. ఈలోగా కొంపలు ముంచకు. పద్నాలుగిళ్లలో పొయ్యి వెలగాలి ఓషిల్డ్."

జీతమిచ్చేవాడి మాట ఎప్పుడూ సబబుగానే వినిపిస్తుంది, అదో జబ్బు. మూడూ ఐదూ కలిపి ఎనిమిదని రాస్తే, నియమం ప్రకారం పంజరంలోని చేపలన్నిటినీ ఈ వారమే కోతకు పంపాలి. ఇంకా రెండు కిలోలైనా తూగని చేపలు. అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. నాలుగేళ్ల నివేదికలన్నిటి కిందా ఉన్నది ఆమె సంతకమే. ఇవాళ నిజం రాస్తే నిన్నటిదాకా రాసిందేమిటని అధికారులు అడగరా? ఈ పని పోతే దీవిలో మిగిలింది బడి, కిరాణా కొట్టు. రెండిట్లోనూ ఖాళీ లేదు.

ఆమె ఒకచోట నిలవలేకపోయింది. కాఫీ పోసుకుని తాగడం మర్చిపోయింది. బల్లకట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి, ఎందుకు వచ్చానా అనుకుని వెనక్కి తిరిగింది. ఒడ్డున బడిపిల్లలు పదిహేడో తారీఖు జాతీయ దినోత్సవ ఊరేగింపు కోసం బాకాలు సాధన చేస్తున్నారు. ఒకే ముక్క దగ్గర తప్పుతున్నారు, మళ్లీ మొదలుపెడుతున్నారు. ఆమెకు చెవులు మూసుకోవాలనిపించింది.

"మామయ్యా, ఏట్లో గాలం వేసి ఎన్నాళ్లయింది?"

"రెండు వేసవులు. మూసేశారుగా."

"ఎందుకు మూశారు?"

ఒడ్వార్ గోధుమరంగు జున్ను పెట్టిన రొట్టె కొరకబోతూ ఆగాడు. "చేపల్లేక," అన్నాడు. రొట్టెను మళ్లీ కాగితంలో చుట్టేశాడు. మూడు రాయమని ఇక అనలేదు.

ఓషిల్డ్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఎనిమిది అని రాసింది. దాని కింద, నాలుగేళ్లుగా తొట్టి నీళ్లు చూడకుండానే పారబోశామని కూడా రాసింది. ఆలోచిస్తే చెయ్యి వెనక్కి పోతుందని వెంటనే అధికారులకు పంపేసింది.

అరగంటలో యోస్టైన్ పడవ వచ్చింది. తిడతాడనుకుంది. అతను తిట్టలేదు.

"పాతవి కూడా రాశావా?"

"రాశాను."

"నా పేరు?"

"లేదు. సంతకాలు నావి కదా."

అతను ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూలబడ్డాడు. "అయితే ఫర్లేదు. శిక్షణ లేక జరిగిందందాం. నీ పనికి ఢోకా రాకుండా చూసే పూచీ నాది."

"నీకెవరు నేర్పారని అడిగితే?"

"అడగరు. ఇన్నేళ్లలో ఒక్కసారన్నా అడిగారా?"

అడగలేదు. ఆమె కూడా ఎవరినీ అడగలేదు. వాళ్లు అడుగుతారేమోనని పొద్దుటినుంచీ వణికిపోయింది. అడగరని ఇంత ధీమాగా విన్నాక అంతకన్నా ఎక్కువ భయం వేసింది. వచ్చే మంగళవారం ఇంకో పంజరం మీద, ఇంకో తొట్టి దగ్గర, ఇంకొకరికి ఇతను ఇదే నేర్పుతాడు. వాళ్లూ అడగరు.

ఆమె లాప్‌టాప్ మళ్లీ తెరిచి ఇంకో వాక్యం రాసింది: తొట్టిలోవి లెక్కలోకి రావని నాకు నేర్పింది యజమాని యోస్టైన్. తెరను అతని వైపు తిప్పింది.

"ఇందులో అబద్ధం ఉంటే చెప్పు, తీసేస్తాను."

యోస్టైన్ చదివాడు. ఒడ్వార్ వైపు చూశాడు. ఒడ్వార్ చూపు తిప్పుకోలేదు. యోస్టైన్ మళ్లీ మొదటినుంచీ చదివాడు. అబద్ధమేమీ దొరకలేదు. ఓషిల్డ్ పంపే మీట నొక్కింది.