రోడ్డు బండికి రేసు ఆర్మ్‌లు

అమ్మ బస్సులో వెళ్తానంటోంది. తుంటి ఎముకకి ఆపరేషనై, కర్ర పట్టుకుని నడిచే మనిషి, నాన్న వదిలి వెళ్ళిన పాత కారు గుమ్మం ముందుండగా ఆసుపత్రికి బస్సెక్కుతుందట. ఎందుకని అక్క గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది, కారు కుదుపులకి ప్రాణం పోతోందని. "తమ్ముడికి మాత్రం చెప్పకే" అని ఒట్టు కూడా వేయించుకుంది.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఒట్టు తీసి గట్టున పెట్టి, కారు తీసుకుని తిన్నగా తమ్ముడి షెడ్డుకే వెళ్ళింది.

తమ్ముడు మెకానిక్కు. పనిమంతుడే గానీ, కుర్రతనంలో రేసులు నడిపిన పిచ్చి ఇంకా వదల్లేదు. చక్రాలని బండికి పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లు అరిగిపోయాయి, మార్చరా అంటే, కంపెనీవి ఇప్పుడు దొరకవని మొదట ఏవో బయటి తయారీవి వేశాడు, అవి చిరిగితే రేసు కార్లవి ఏరి కోరి బిగించాడు. వాటి కీళ్ళ దగ్గర రబ్బరుండదు, అంతా ఇనుమే. చిన్న రాయి తగిలినా ఆ దెబ్బ తిన్నగా సీట్లోకి వస్తుంది.

"ఇవి పీకి రబ్బరువి వెయ్యి," అంది కారు దిగుతూనే.

"అంతకుముందు వేసినవి రబ్బరువేగా అక్కా? నాలుగు నాళ్ళకే చిరిగాయి. వీటితో స్టీరింగ్ ఎంత కచ్చితంగా ఉంటుందో నీకేం తెలుసు?"

"నాకు తెలీదు, సరే. రబ్బరువి బిగించినప్పుడు బండి ఎక్కడుంది?"

"లిఫ్ట్ మీద," అన్నాడు తమ్ముడు.

"చక్రాలు గాల్లో వేలాడుతుంటే బిగించేశావు. కిందకి దించగానే రబ్బరు మెలిపడింది, చిరిగింది. బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టులు బిగించాలని నాన్న నీకెన్నిసార్లు చెప్పాడు? బండి కింద దూరడానికి బద్ధకం నీకు, నింద రబ్బరుకి."

వాడికీ కోపం వచ్చింది. "అమ్మ బాగుందనే చెప్పింది. ప్రతిసారీ అడుగుతూనే ఉన్నా."

"ఏమని అడిగావురా? నా పనితనం ఎలా ఉందమ్మా అని అడిగావు. కన్నతల్లి ఇంకేం చెబుతుంది?"

షెడ్డులో ఉన్నవాటిలో మెరిసేవన్నీ పక్కకి నెట్టి, మందపాటి రబ్బరున్న మామూలు జత అక్కే ఎంచింది. వాడు వాటిని తగిలించి, బండిని నేలకి దించి, కిందకి దూరి, మొహమంతా మసి పూసుకుని ఒక్కో బోల్టూ బిగిస్తుంటే పక్కనే నిలబడి చూసింది. జాలి పడలేదు. ఇన్నాళ్ళూ అమ్మ పళ్ళు బిగపట్టుకుని వెళ్ళిన దారి కళ్ళ ముందుంటే జాలెక్కడిది?

మర్నాడు తనే తీసుకెళ్తానని తమ్ముడు వచ్చాడు. అమ్మని మెల్లగా వెనక సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్క సీట్లో అక్క. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూశారు. అమ్మ తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"అమ్మా, ఇంకా స్టార్టే చెయ్యలేదే," అన్నాడు తమ్ముడు.

"బాగుందిరా, చాలా బాగుంది," అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.