రాతిదున్న ముందు ఖాళీ సంచి

ఆదివారం పొద్దున దుకాణం షట్టర్ ఎత్తి, కంప్యూటర్ ఆన్ చేసి, ఆటలో తన యోధురాలి సంచి తెరిచిన కృష్ణకుమారికి లోపల ఏమీ కనబడలేదు.

మూసి మళ్ళీ తెరిచింది. ఖాళీయే.

కవచం ఒంటి మీదే ఉంది. కత్తి ఉంది. నాణేలు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. తినేవి, పూసేవి, వాయించేవి మాత్రం ఒక్కటీ మిగలకుండా పోయాయి. ఏడాదంతా కూడబెట్టినవి. ఈ రోజు కోసమే దాచినవి.

మద్దేడ్‌లో రోడ్డు పక్కన ఆమెది సర్కారు కాగితాలు చేసిపెట్టే చాయిస్ సెంటర్. వారమంతా జనం వస్తారు. ఆధార్ కోసం, కుల ధ్రువపత్రం కోసం, వడ్ల రిజిస్ట్రేషన్ కోసం. వేలిముద్ర వేసి వెళ్ళిపోతారు. భర్త ప్రవీణ్‌కుమార్ బోరు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఫోన్ చేస్తే అతని మాటకన్నా వెనకాల బోరు మోతే ఎక్కువ వినబడుతుంది. ఇంట్లో ఉండేది మామ సీతారాములు ఒక్కడే. అత్త పోయాక ఆయన నోట మాట కరువైంది. అన్నం పెట్టమనడం, నీళ్ళు తెమ్మనడం, దుకాణం తాళం అడగడం. అంతకు మించి కోడలితో మాట్లాడింది లేదు.

ఇక మిగిలింది పూనం. చదువుకునే రోజుల్లో ఇద్దరూ బీజాపూర్ హాస్టల్‌లో ఒకే గదిలో ఉన్నారు. పూనం తెలుగు నేర్చుకుంది కుమారి దగ్గరే. ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఏదో ఆఫీసులో పని చేస్తోంది. ఆదివారం మాత్రం ఇద్దరూ ఈ ఆటలో కలుస్తారు. కత్తులు పట్టుకుని అడవులు దాటుతూ, చెవిలో ఇయర్‌ఫోన్లతో కబుర్లు చెప్పుకుంటారు.

ఆ కబుర్లకే ఇప్పుడు ముప్పు వచ్చింది. ఆటలో ఈ సీజన్ సాయంత్రంతో ముగుస్తుంది. ఈసారి తెచ్చిన కొత్త నియమం ప్రకారం, ఈలోగా కోటలోని రాతిదున్న అనే మృగాన్ని పడగొట్టలేని జంటలు వాటంతటవే రద్దయిపోతాయి. పూనం ముందే చెప్పేసింది, జంట తెగితే మళ్ళీ మొదటి నుంచి ఆడే ఓపిక తనకు లేదని. ఆట పోతే ఆదివారం ఫోన్ చేసుకుంటారా? కుమారికి నమ్మకం లేదు. హాస్టల్ స్నేహితుల్లో ఫోన్ చేస్తానని మాటిచ్చి చేసినవాళ్ళు ఒక్కరూ లేరు.

కొద్దిసేపు బలం పెంచే సరుకును ఆటగాళ్ళు బఫ్‌లు అంటారు. వీళ్ళు వాటికి సొంత పేర్లు పెట్టుకున్నారు. మంట దగ్గర వండే వేటకూర చాలాసేపు ఒంట్లో నిలుస్తుంది, పక్కన కూర్చున్నవాళ్ళూ తినొచ్చు. కత్తికి రాసే నిప్పునూనె అంతకన్నా తక్కువసేపు ఉంటుంది. డోలు బలం గట్టిగా పది ఊపిరులు, అదీ వాయించినవాళ్ళ చుట్టూ వెలిగే గీతలో నిలబడినవాళ్ళకే. ఒక్కో డోలు ఒక్కసారే మోగుతుంది.

పోయిన ఏడాది వాళ్ళు చేసిన తప్పు ఒకటే. కోట తలుపు బయట కూర తిని, నూనె రాసి, డోలు కొట్టి అప్పుడు లోపలికి దూరారు. తలుపు తెరుచుకోవడం, దున్న బండ మీద నుంచి దిగి రంకె వేయడం అయ్యేసరికి డోలు బలం ఆవిరైపోయింది. నూనె కూడా సగం ఆరిపోయింది. మొదటి దెబ్బ పడేసరికి ఇద్దరూ ఒట్టి మనుషులు.

ఆ తర్వాత కుమారి మరో తప్పు చేసింది. అసలు వాడటమే మానేసింది.

అది ఆమెకు అత్తవారింటి నుంచి వచ్చిన అలవాటు. ఆ ఇంట్లో మామిడి పండుగ జరిగేదాకా కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు. చింతపండు అయినా, చిక్కుడు అయినా అంతే. ముందు దేవరకు పెట్టాలి, తర్వాత అందరూ కలిసి తినాలి. గాలికి వాకిట్లో రాలిన కాయను కూడా మామ తీసి గంపలో వేస్తాడు, వాసన చూడనివ్వడు. కుమారి కూడా అలాగే కూడబెట్టింది. చిన్న మృగాలు ఎదురైతే బఫ్ లేకుండానే కొట్టింది. పూనం కింద పడి చస్తున్నా డోలు తీయలేదు. రాతిదున్న రోజే పండుగ, అప్పటిదాకా ముట్టకూడదు. ముట్టేది లేదు కాబట్టి సంచి తెరిచి చూసి కూడా చాలాకాలమైంది.

దొంగ ఎవరు? పక్క కొట్లో మొబైల్ రిపేరు చేసే ముకేష్ మీదికి పోయింది అనుమానం. ప్రింటర్ వాడుకోవడానికని వచ్చి కంప్యూటర్ కెలకడం అతనికి అలవాటే.

వెళ్ళి అడిగితే అతను తల ఎత్తకుండానే నవ్వాడు. “నీ బొమ్మ కూర తిని నేను లావైనానా దీదీ? మా ఇంట్ల కూర లేదనుకున్నవా?”

ఆమె కదలకపోయేసరికి స్క్రూడ్రైవర్ కింద పెట్టి, తనకు తెలిసింది చెప్పాడు. రోజూ మధ్యాహ్నం ఆమె దుకాణంలోంచి డోలు చప్పుడు వినబడుతుందట. ఆట ఆపడం మర్చిపోయి వంటకు వెళ్ళిందనుకున్నాడట.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళితే దుకాణంలో కాపలా కూర్చునేది మామే. కానీ ఆయన ఫోన్ మోగితే ఎటు నొక్కాలో తెలియక కోడలి చేతికిచ్చే మనిషి. కుమారి ఆ ఆలోచనను అక్కడే వదిలేసింది.

ఇయర్‌ఫోన్‌లో పూనం గొంతు వచ్చేసరికి కుమారి దాచలేదు. సంచి ఖాళీ అయిందని, ఎవరో వాడేశారని చెప్పేసింది.

పూనం గట్టిగా నవ్వింది. “ఎవరో ఏంటి యార్? మనమే కదా తిన్నది.”

కుమారి ఖాళీ సంచిని మరోసారి తెరిచి చూసింది.

“నువ్వు ఆదివారం మన మధ్యాహ్నాల మాట ఎత్తవు. ఎత్తితే మానేస్తావేమోనని నేనూ ఎత్తలేదు,” అంది పూనం. తర్వాత మెల్లగా మిగతాది చెప్పింది. నెల కిందటే ఆట తీసేద్దామనుకుందట. ఒకరోజు లంచ్ టైములో చివరిసారి చూద్దామని వస్తే, కుమారి బొమ్మ మంట ముందు కూర్చుని ఉందట. దగ్గరికి వెళ్ళగానే కూర పెట్టిందట. మర్నాడు కూడా పెట్టింది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఊరికే డోలు కొట్టేది, పూనం బొమ్మ గెంతేది. “ఇన్నేళ్ళలో నీ సంచిలోంచి నాకు ఏదైనా పెట్టడం అదే మొదటిసారి కుమారీ. అందుకే ఉన్నా.”

అది నేను కాదు అని చెప్పడానికి కుమారి నోరు తెరిచింది. చెబితే పూనం ఉంటుందా అని ఆపేసుకుంది.

“శుక్రవారం ఇచ్చిన డోలు నా దగ్గరే ఉంది. పద, వేటాడదాం,” అంది పూనం.

కోట కింద కుందేళ్ళు దొరికాయి. తలుపు బయట మంట వేసి పలుచటి కూర వండుకుని తిన్నారు. వేటకూరంత బలం ఇవ్వదు, కానీ చాలాసేపు నిలుస్తుంది. నూనె లేదు. డోలు తీయకుండా లోపలికి నడిచారు.

దున్న దిగింది. రంకె వేసింది. ఇద్దరూ కొట్టలేదు, తప్పుకుంటూ తిరిగారు. అది విసురుగా వచ్చిన ప్రతిసారీ వెనక రాతిస్తంభం ఉండేలా చూసుకున్నారు. రెండు స్తంభాలు కూలాయి. కుమారి ప్రాణం సగానికి పడింది. మూడో స్తంభంలో కొమ్ము దిగబడిపోయింది. దున్న తల ఊడదీసుకోలేక గింజుకుంటోంది.

“ఇప్పుడే వద్దు. చివరికి ఉంచు,” అంది కుమారి. ఆ మాట నోటి నుంచి దానంతటదే వచ్చింది.

“చివరిదాకా మనం ఉంటేగా,” అంది పూనం. డోలు మోగింది. నేల మీద ఎర్రటి గీత వెలిగింది. కుమారి పరిగెత్తి ఆ గీతలోకి దూకింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, మెడ కింద దాని రాతి ఒళ్ళు పగిలిన చోటే కొట్టారు. గీత మసకబారుతుండగా దున్న మోకాళ్ళ మీద కూలింది.

జంట నిలిచింది. పూనం అరిచింది, నవ్వింది, తర్వాత గొంతు తగ్గించింది. “రేపు మధ్యాహ్నం వస్తావుగా? మాట్లాడకపోయినా పర్వాలేదు. ఇక్కడ అందరూ జట్లుగా కూర్చుని తింటారు. నేను డబ్బా తెరిచి ఫోన్ ముందు పెట్టుకుంటా.”

“వస్తా,” అంది కుమారి.

ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. రోడ్డు మీద భోపాలపట్నం బస్సు ఆగి, ఎవరినీ దింపకుండానే వెళ్ళిపోయింది. పూనం ఉండిపోయింది. కానీ ఉండిపోయింది తన కోసం కాదు.

వంట వేళకు మామ వచ్చాడు. ఎప్పటిలాగే బల్ల మీది తాళం కోసం చెయ్యి చాపాడు. కుమారి ఇవ్వలేదు. కుర్చీలోంచి లేచి, కంప్యూటర్ ముందు ఆయనకు చోటిచ్చింది.

“మధ్యాహ్నం పూట డోలు కొట్టేది ఎవరు మామా?”

సీతారాములు నిలబడే ఉన్నాడు. తువ్వాలు భుజం మీది నుంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. తెర మీద ఆరిపోయిన మంట వైపు చూశాడు. ఏడాదిలో ఆమెతో ఆయన అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

“నేనేనమ్మా. ఆ ముకేష్‌ను అడిగినవంట, వాణ్ని ఏమనకు. నువ్వు వంటకు పోయినంక ఆ ఆట ఊకె మోగుతుంటే ఆపుదామని ఏదో ఒత్తిన. మంట అంటుకుంది. ఎవరో పిల్ల వచ్చి ఎదురుంగ కూసుంది. వచ్చిన మనిషిని ఉత్తగ ఎట్ల కూసోబెడతం? నువ్వు ఆడుతుంటే ఎనకనుంచి చూసేటోన్ని, ఏది ఒత్తితే ఏమైతదో కొంచెం తెలుసు. కూర పెట్టిన, తిన్నది. తెల్లారి మళ్ళ వచ్చింది. నూనె అంటవా, కత్తి తుప్పు పడుతదని రాసిన. డోలు కొడితే ఆ పిల్ల ఎగిరేది, అందుకే కొట్టిన. పండుగ కాకముందు ముట్టొద్దని మీకు చెప్పేటోన్ని నేనే. కానీ పండుగంటే ఏంది, కూడి తినుడే గదా. మన ఇంట్ల ఇద్దరం ఉంటం, ఒకరు తిని లేసినంక ఒకరం తింటం. అక్కడ ఎదురెదురుగ కూసున్నం గదా, పండుగ అయిందనుకున్న. తప్పే చేసిన. నువ్వు వద్దంటే ఇగ ముట్టను. గాని రేపు ఆ పిల్ల వస్తది. మంట కాడ ఎవ్వరు లేకపోతే కొంచెంసేపు చూస్తది. చూసి, ఒక్కతే తింటది.”