ఉబ్బసం లేని మనిషికి ఉబ్బసం మాత్ర

పర్చూరు దగ్గర ఒక పల్లెబడిలో జయకుమారి టీచరు. చిన్నప్పటి నుంచీ ఆమెకు పరుగు చేతకాదు. బస్సు మెట్టు ఎక్కాలంటే కడ్డీ పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాలి. కనురెప్పలు సగం వాలి ఉండేవి. ముప్పై ఒకటో ఏట ఒక డాక్టరు కండరాల జబ్బని చెప్పి మాత్రలు రాశాడు. అవి వాడిన మూడు నెలలకి, బోర్డు పైవరుస దాకా చెయ్యి లేవడం మానేసింది.

తండ్రి యేసుపాదం మిరపకోతలకు వెళ్లే కూలి. అతనే ఆమెను గుంటూరు తీసుకెళ్లాడు. నరాల డాక్టరు శ్రీదివ్య ఆమె చేత చేతులు చాపించి చూసింది. చిన్నప్పుడు ఎప్పుడు నడిచిందని అడిగింది.

"మూడో ఏట నడిచిందమ్మా. నడిచినా పడిపోతా ఉండేది," అన్నాడు యేసుపాదం.

"అయితే ఇది మధ్యలో వచ్చింది కాదు, పుట్టుకతోటిదే."

రక్తం పరీక్షకి పంపితే నెలన్నరకి జవాబు వచ్చింది. జన్యువులో లోపం. నరం పంపే కబురు కండకు అందే చోటు గట్టిగా నిలవడం లేదు.

"ఆ పాత మాత్ర ఈ రకానికి పడదు. ఈ రోజే ఆపేద్దాం," అంది డాక్టరు. గుండె పరీక్ష చేయించి, సాల్బుటమాల్ రాసింది.

కింద మందుల షాపతను చీటీ చూసి, "ఉబ్బసం ఎవరికండీ?" అన్నాడు. యేసుపాదం చీటీ లాక్కుని మళ్లీ మేడెక్కాడు.

"అమ్మా, మా పిల్లకి ఆయాసం లేదు. చీటీ మారిందేమో చూడండి."

డాక్టరు నవ్వలేదు, కూర్చోబెట్టింది. "మందు అదే, ఇక్కడ పని వేరు పెద్దాయనా. నరం, కండ కలిసే చోటుని నిదానంగా గట్టిపరుస్తుంది. నెలలు పడుతుంది. గుండె దడగా ఉంటే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి."

మొదటి నెల చేతులు వణకడం తప్ప ఏమీ జరగలేదు. బోర్డు మీద 'ళ' రాస్తే పాకుతున్నట్టు వచ్చేది. "టీచర్, చలేస్తుందా?" అని పిల్లలు అడిగితే ఆమెకు ఏడుపొచ్చింది. ఫోన్ చేసింది. డాక్టరు మోతాదు సగం చేసి, పదిహేను రోజుల తర్వాత మెల్లగా పెంచింది.

మూడో నెలలో ఒకరోజు, బస్సెక్కి సీట్లో కూర్చున్నాక గాని ఆమెకు తట్టలేదు, కడ్డీ పట్టుకోలేదని.

ఫిబ్రవరిలో రెండో శనివారం బడికి సెలవు. అన్నం క్యారేజీ పట్టుకుని మిరపకల్లానికి వెళ్లింది. కాయలు తిరగేస్తున్న యేసుపాదం తలెత్తాడు.

"ఎవరు దింపారే?"

"ఎవరూ దింపలా. నడిచొచ్చా."

"ఇంత ఎండలో అంత దూరం నడవమని ఎవరు చెప్పారే నీకు!" అని అరిచాడు. అరుస్తూనే తువ్వాలు దులిపి గోతం మీద పరిచాడు.

"కాసేపు నిలబడతాలే నాన్నా."

అతను కూడా కూర్చోలేదు. కాయల ఘాటుకి తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ, ఇద్దరూ నిలబడే గోంగూర అన్నం తిన్నారు.