కిటికీ లేని వంటిల్లు

ఇంట్లో ఆమె పేరు బుజ్జి. విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పే ప్రొఫెసరు, నలభై దాటిన మనిషి, పేద దేశాల బాగోగుల మీద లావుపాటి పుస్తకాలు రాసిన మనిషి. ఎన్ని రాసినా అన్నయ్య భార్యకి ఆమె బుజ్జే. ఆ వదిన కూడా అదే భవనంలో పై అంతస్తులో రాజకీయ తత్త్వం చెబుతుంది. మధ్యలో నలిగిపోయే అన్నయ్య పళ్ళ డాక్టరు. భోజనాల దగ్గర ఇద్దరూ మొదలుపెట్టారంటే, "పొద్దస్తమానం జనం చేత నోళ్ళు తెరిపిస్తాను. ఇంట్లో రెండు నోళ్ళు మూయించలేకపోతున్నాను" అని కంచం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయేవాడు.

వాళ్ళ తగువు ఎప్పుడూ ఒకటే. పేద దేశానికి ముందు కావలసింది అన్నమా, స్వేచ్ఛా? ముందు రోడ్లు, కరెంటు, ఇళ్ళు రానివ్వండి, కడుపు నిండాక నోరు దానంతటదే లేస్తుంది అంటుంది బుజ్జి. నోరు కట్టేసి పెట్టేది అన్నం కాదు, ముందు జనం మాట చెల్లనివ్వండి అంటుంది వదిన. ఏటా ఒకసారి దీని మీదే సభ. విద్యార్థులకు ఇద్దరి ఉపన్యాసాలూ కంఠతా వచ్చేశాయి. కిందటేడు వదినకు వాక్యం మధ్యలో దగ్గొస్తే, మిగతా సగం వెనక బెంచీవాళ్ళు అందుకున్నారు.

అందుకని ఈసారి శాఖాధిపతి ఒక మెలిక పెట్టాడు. ఇద్దరూ పక్షాలు మార్చుకోవాలి. బుజ్జి స్వేచ్ఛ తరఫున, వదిన అన్నం తరఫున. అంతకంటే ముందు, అవతలివాళ్ళ వాదాన్ని తన మాటల్లో చెప్పి, వాళ్ళ చేత "అవును, నేననేది అదే" అనిపించుకోవాలి. అనిపించుకునేదాకా వాదన మొదలుపెట్టడానికి వీల్లేదు.

బుజ్జికి నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి వింటున్న మాటలు. నల్లేరు మీద బండి నడకే కదా అనుకుంది.

సభ రోజున హాలు కిటకిటలాడింది. బుజ్జి గొంతు సవరించుకుంది. "మేడమ్ గారి వాదం ఇది. ఎన్నికలూ పత్రికలూ ఉన్నచోట పాలకులకు భయం ఉంటుంది. భయముంటే పని చేస్తారు. కాబట్టి స్వేచ్ఛ ఉంటే అన్నం వెనకాలే వస్తుంది."

"కాదు" అంది వదిన.

"సరే. స్వేచ్ఛ మనిషి హక్కు. అన్నం వచ్చినా రాకపోయినా అది ఉండి తీరాలి."

"అదీ కాదు. అన్నం రాకపోయినా సరేనని నేనెప్పుడన్నాను?"

హాలు గొల్లుమంది. బుజ్జి ఇంకో విధంగా చెప్పి చూసింది. వదిన తల అడ్డంగా ఊపింది. మొదట బుజ్జికి ఒళ్ళు మండింది. కావాలని ఏడిపిస్తోందేమో అని వదిన మొహంలోకి చూసింది. అక్కడ వెటకారం లేదు. ఇదుగో చెబుతావేమో, ఇప్పుడు చెబుతావేమో అని ఎదురుచూస్తున్న మొహం. దాంతో బుజ్జి కోపం కాస్తా చల్లారి, దాని చోట ఏదో దురద లాంటిది మొదలైంది. ఇన్నేళ్ళు ఈవిడ ఏమంటోందని తను కొట్లాడింది?

"మరైతే నువ్వనేదేమిటి వదినా?" అంది మైకులోనే. మేడమ్ గారూ, మీరూ లాంటి మర్యాదలన్నీ ఎగిరిపోయాయి.

వదిన మంచినీళ్ళు తాగి మొదలుపెట్టింది. "మా నాన్న ఆనకట్ట పనిలో మేస్త్రీ. ఏదో పెద్ద దేశం సాయం చేస్తే పనివాళ్ళకు కాలనీ కట్టారు. మంచి ఇళ్ళే. అంతకుముందు మాది రేకుల పాక. కానీ ఆ ఇళ్ళ నక్షా గీసినవాళ్ళది మంచు కురిసే దేశమట. చలిగాలి రాకూడదని వంటింటికి కిటికీ పెట్టలేదు. అమ్మ పొగలో ఉక్కిరిబిక్కిరయ్యేది. ఒకరోజు ఆఫీసుకు వెళ్ళి ఒక్క కిటికీ పెట్టించమని అడిగింది. అక్కడి గుమాస్తా, ఊరికే ఇల్లిస్తే వంకలు పెడుతున్నావా అని నలుగురిలో నవ్వాడు. తిరిగొచ్చేసింది."

"ఆ ఇల్లు కట్టకపోయుంటే?" అంది బుజ్జి.

"పాకలోనే ఉండేవాళ్ళం."

"అయితే ఇల్లు మేలే కదా?"

"మేలే. కాదన్నదెవరు? కానీ ఆ రోజు తర్వాత అమ్మ ఇంకేదీ అడగలేదు. ఆఫీసులోనే కాదు, ఇంట్లోనూ అడగలేదు. కూర చాలకపోతే మజ్జిగతో తినేసేది. దాన్ని నీ లెక్కల్లో ఏ గడిలో రాస్తావు బుజ్జీ?"

బుజ్జి మెల్లగా, పదం పదం వెతుక్కుంటూ అంది. "అంటే... ఎవరికి ఏం కావాలో అడగనివ్వకపోతే, మనం ఇచ్చేది కూడా సరిగ్గా ఇవ్వలేం. పైగా అడగడం మానేసిన మనిషిలో ఏదో తరిగిపోతుంది. ఇల్లిచ్చి దాన్ని భర్తీ చెయ్యలేం."

"అవును" అంది వదిన. "అదే నేననేది."

అప్పటికే సమయం అయిపోయింది. అసలు వాదన జరగనేలేదు. సినిమాకని వస్తే పేర్లు వేసి పంపించేశారని విద్యార్థులు సణుక్కుంటూ వెళ్ళారు. బుజ్జికి అవేమీ పట్టలేదు. కారెక్కగానే అడిగేసింది. "వదినా, ఆ కాలనీ ఇప్పటికీ ఉందా?"

ఆదివారం ముగ్గురూ బయలుదేరారు. అన్నయ్య బండి నడిపాడు.

కాలనీలో ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి, వెనక గోడలు తప్ప. దాదాపు ప్రతి వంటింటి గోడకూ ఒక కిటికీ ఉంది. ఒకటి వెడల్పు, ఒకటి పొడవు, ఒకటి గోడ పగలగొట్టి ఇనపచువ్వలు గుచ్చి వదిలేసింది. వదిన ఒక ఇంటి వెనక ఆగిపోయింది. చిన్నప్పుడు తామున్న ఆ ఇంటి గోడలోనూ నీలం రంగు చెక్కతలుపుల కిటికీ. లోపలి నుంచి ఇప్పటి ఇల్లాలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ కిటికీకి పర్మిషన్ ఎవరిచ్చారండీ?" అంది బుజ్జి.

"పర్మిషనేంటమ్మా? ఆనకట్ట పని అయ్యాక ఆఫీసు ఎత్తేశారు. ఇళ్ళు మా పేర రాసిచ్చారు. ఇక ఎవర్ని అడగాలి?"

"చూశావా!" అంది వదిన.

"మా ఆయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చాక చెక్క కొన్నాం లెండి."

"చూశావా!" అంది బుజ్జి.

అన్నయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ నవ్వుకు భుజాలు అదురుతూనే ఉన్నాయి. బుజ్జి వదల్లేదు. "ఈ రెంటిలో ముందు జరిగిందేది? ఏది లేకపోతే కిటికీ వచ్చేది కాదంటారు?"

ఇల్లాలు ఎదురింటి వైపు చెయ్యి చూపించింది. "అవి రెండూ అయ్యాక కూడా చాన్నాళ్ళు అలాగే ఉన్నామమ్మా. ఆ ఎదురింటివాళ్ళు కొట్టించుకున్నారు. వాళ్ళింట్లో కూర్చుంటే గాలి హాయిగా తగిలింది. అదిగో, అప్పుడు మాకూ కావాలనిపించింది."

వదినామరదళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఈ సంగతి ఇద్దరి పుస్తకాల్లోనూ లేదు.

వరస చివర ఒక్క ఇంటికి మాత్రం గోడ గోడగానే ఉంది. తలుపు తడితే ఒక ముసలాయన వచ్చాడు.

"తాతగారూ, మీరెందుకు పెట్టించుకోలేదు? డబ్బు కుదరలేదా? ఎవరైనా వద్దన్నారా?" అంది బుజ్జి.

"నాకు వద్దు. చీకటిగా ఉంటే లోపల చల్లగా ఉంటుంది" అన్నాడాయన. ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "మీరు కిటికీలు అమ్మేవాళ్ళా?"

"కాదండీ, పాఠాలు చెప్పుకునేవాళ్ళం" అంది వదిన.

"అయితే లోపలికి రండి. మీరే చూద్దురుగాని."

వంటిల్లు నిజంగానే చల్లగా ఉంది. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళకు మొదట ఏమీ కనిపించలేదు. బుజ్జి తడుముకుంటూ ఒక పీట మీద కూర్చుంది. ఆ పక్కనే వదిన కూర్చుంది.

"వద్దన్న ఈయన్ని ఎక్కడ పెడతావు వదినా?" అని చెవిలో అడిగింది బుజ్జి. "స్వేచ్ఛ కిందా, అలవాటు కిందా?"

"ఉండవే, అడుగుదాం" అంది వదిన. "తాతగారూ, మీరు మొదటినుంచీ ఇంతేనా? ఎప్పుడైనా కావాలనుకున్నారా?"

ముసలాయన చీకట్లోనే స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టాడు. "అది పెద్ద కథ" అన్నాడు. బయట అన్నయ్య హారన్ కొట్టాడు. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.