నొప్పి మీద వాలే పిట్ట

కోరుట్లలో భాగ్య ఇంట్లో తెల్లవారిందంటే మూడు పనులు వరసగా జరుగుతాయి. భాగ్య బీడీలు చుట్టడానికి నానిన తునికాకును తడిబట్టలో చుట్టి పెడుతుంది. ఆమె అత్త కనకవ్వ చాయ్ తాగుతుంది. చాయ్ గ్లాసు కింద పెట్టగానే కనకవ్వ ఎడమ చేతి మీది పచ్చబొట్టు పిట్ట రెక్కలు దులుపుకొని ఊరి మీదికి పోతుంది.

కనకవ్వ పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు రాయికల్ అంగట్లో పొడిపించుకున్న పిట్ట అది. వేలెడంత ఉంటుంది. ఎవరికి ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ పోయి వాలడం దాని అలవాటు. నయం చేయదు, మందు వేయదు, ఊరికే కూర్చుంటుంది. పన్ను సలుపుతున్నవాడి చెంప మీద కూర్చుంటుంది, బీడీలు చుట్టీ చుట్టీ మెడ పట్టేసిన ఆడవాళ్ల భుజాల మీద కూర్చుంటుంది. పక్కింటి ఓదెలు దాన్ని మోకాలి మీద పెట్టుకుని, "అవ్వా, మీ పిట్టకు నా కాలు మస్తు నచ్చింది" అని లుంగీ పైకి కట్టి వాడంతా చూపించుకున్నాడు. ఒకసారి బస్సు కండక్టరు నడుం మీదెక్కి సిరిసిల్ల దాకా పోయి, మర్నాడు అదే బస్సులో దిగింది. ఎక్కడ తిరిగినా చివరికి కనకవ్వ చేతికే చేరేది.

ఎండలు మొదలైన ఆ మార్చి నెలలో మాత్రం పిట్ట ఇరవై రోజులుగా ఇల్లు చేరలేదు. కనకవ్వ బోసి చెయ్యి రుద్దుకుంటూ వాడలో ప్రతి ఒక్కరినీ అడిగింది. ఎవరి ఒంటి మీదా లేదు.

భాగ్యకు పిట్ట గురించి రంది పడే తీరిక లేదు. నెల కిందట కూతురు అఖిల బట్టలు ఆరేస్తుంటే డ్రెస్సు పొడుగు చెయ్యి పైకి జరిగింది. చేతి మీద గీతలు. ఎవరో చేసినవి కావు, పిల్ల తనకు తాను చేసుకున్నవి. భాగ్య ముందు తడిబట్ట తీసి చాటలోని ఆకు మీద కప్పింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు అంతే, ఇల్లంటుకున్నా ఆకు మీద తడిబట్ట కప్పాకే లేస్తారు, ఎండిన ఆకు విరిగిపోతుంది మరి. ఆ తర్వాత ఒక్క ఉదుటున లేచి కూతురి చెయ్యి గుంజి తన నెత్తిన పెట్టుకుంది.

"నా మీద ఒట్టెయ్! మళ్ల గిట్ల జేస్తె నేను సచ్చినంత ఒట్టు!"

ఇంటర్ మొదటి ఏడాది చదివే పిల్ల ఒట్టేసింది. భాగ్య కొండగట్టు పోయి అంజన్నకు మొక్కి, ఒక నల్లదారం తెచ్చి పిల్ల మెడలో కట్టింది. మస్కట్‌లో ఉన్న మొగుడు మల్లేశానికి చెప్పలేదు, అత్తకూ చెప్పలేదు. ఇక పీడ పోయిందనుకుంది. ఒట్లతో పోయే బాధలైతే డాక్టర్లంతా బీడీలు చుట్టుకుని బతకాల్సిందే. ఆ సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

అంతలో భాగ్యకు జ్వరం వచ్చింది. మూడు రోజులైనా తగ్గలేదు. అఖిల కాలేజీకి పోకుండా తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. అన్నం ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం తల్లి పాదాలు పట్టుకుని, "సచ్చిపోకమ్మా, నీ కాళ్లు మొక్కుత" అని ఏడ్చింది.

గడప దగ్గర కూర్చున్న కనకవ్వ కళ్లు చికిలించి చూసింది. పిల్ల మణికట్టు దగ్గర, డ్రెస్సు అంచు కింద, పచ్చగా ఏదో కనిపిస్తోంది.

"బిడ్డా, అది నా పిట్ట తోక గద?"

అఖిల తనే డ్రెస్సు చెయ్యి మెల్లగా పైకి లాక్కుంది. పిట్ట రెండు రెక్కలూ పరిచి, ఒక కొత్త గీత మీద గుడ్డు పొదిగినట్టు కూర్చుని ఉంది.

"ఒట్టు తప్పిన," అంది అఖిల. "గందుకే అమ్మకు జరమచ్చింది. అమ్మ సచ్చిపోతె నేను సంపినట్టే."

భాగ్యకు అప్పుడర్థమైంది. మోయలేని బరువుతో వంగిపోయిన పిల్ల నెత్తిన తన ప్రాణం కూడా ఎత్తిపెట్టింది తనే. పిల్ల వైపు తిరిగి అడిగింది.

"సచ్చిపోవాలనిపిస్తున్నదా బిడ్డా?"

"సావాలని కాదమ్మా." అఖిల పిట్ట వైపు చూస్తూ చెప్పింది. "కాలేజీల మార్కులు గోడకు అతికిస్తరు. శుక్రవారం బాపు ఫోన్ల గవే అడుగుతడు. లోపల బిగుసుకుంటది. ఏడుద్దామంటె ఏడుపు రాదు. గప్పుడు గిట్ల జేసుకుంటె జెరసేపు సప్పుడు బందైనట్టుంటది. తర్వాత మస్తు సిగ్గైతది. ఆ సిగ్గుకు ఇంకింత బిగుసుకుంటది."

కనకవ్వ జరిగి మనవరాలి పక్కకు వచ్చింది. "మీ తాత బొంబాయి పోయి నాలుగేండ్లు పత్తా లేడు. గప్పుడు నేను తలకాయ గోడకు గుద్దుకునేది. దయ్యం పట్టిందన్నరు కొందరు, పొగరన్నరు కొందరు. ఈ ఓదెలు వాళ్లవ్వ ఒక్కతే రోజు అచ్చి, ఏమనకుండ నా పక్కన కూసోని బీడీలకు దారం కట్టేది. గట్ల కూసుంటనే నన్ను బతికిచ్చింది."

భాగ్య జ్వరంతోనే లేచి కూర్చుంది. కూతురి చెయ్యి తీసుకుని మళ్లీ నెత్తిన పెట్టుకుంది. ఇంకో ఒట్టేమోనని అఖిల బెదిరి వెనక్కి లాక్కోబోయింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన బిడ్డా. గిది ఉత్త జరం, గోలీలకు పోతది. నాకేం గాదు. ఇగ చెయ్యనని నాకు మాటియ్యకు. చెయ్యబుద్ధైనప్పుడు చెప్పు. చేసినంక గూడ చెప్పు. ఒక్క మాట గూడ తిట్ట."

"ఎట్ల చెప్పాలె? నాకు నోరు రాదమ్మా."

"పిట్ట అచ్చిందను. చాలు."

జ్వరం తగ్గిన మర్నాడే తల్లీకూతుళ్లు జగిత్యాల బస్సెక్కి మనసు డాక్టరు రాధమ్మ దగ్గరికి పోయారు. ఆమె పిట్టను కదపకుండా చుట్టూ మందు రాసి, చిన్నగా కట్టు కట్టి, అఖిలతో గంటసేపు మాట్లాడింది. తర్వాత భాగ్యను పిలిచి ఇంట్లో పిల్లకు అందకుండా ఏమేం దాచిపెట్టాలో చెప్పింది. "తెల్లారేకల్ల తగ్గేది కాదక్కా. నడుమ ఒకసారి జారినా మొదటికి అచ్చినట్టు కాదు. వారం వారం తీసుకరా" అంది.

శుక్రవారం ఫోన్లో భాగ్య మొగుడికి అంతా చెప్పింది. మల్లేశం ముక్కు చీదుకుని, "ఇగ మార్కులు అడగ. అన్నం తిన్నదా అని అడుగుత," అన్నాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఏం కూర అని కూడా అడిగి పిల్లను విసిగించాడు.

"అమ్మా, పిట్ట అచ్చింది" అనే మాట ఒక్కో వారం మూడుసార్లు వినిపించేది, ఒక్కోసారి నెలంతా వినిపించేది కాదు. విన్నప్పుడల్లా భాగ్య చాట పక్కకు జరిపి చోటిచ్చేది. ఇద్దరూ బీడీలకు దారం కట్టేవాళ్లు. కొన్నిసార్లు పిల్ల మాట్లాడేది, కొన్నిసార్లు ఊరికే కూర్చునేది. ఆ బిగువు మెల్లగా సడలేదాకా భాగ్య కదిలేది కాదు. వానాకాలంలో ఒకనాడు డాక్టరు అన్నట్టే అఖిల జారింది, చేతి మీద కొత్త గీత పడింది. కానీ ఆ పూటే చెప్పింది. భాగ్య ఒక్క మాట కూడా తిట్టకుండా మాట మీద నిలబడింది. కట్టు కట్టి, పప్పుతో అన్నం కలిపి పెట్టి, వారం తిరగక ముందే జగిత్యాల తీసుకుపోయింది. కనకవ్వ తన బోసి చెయ్యి చూసుకుని, "ఉండనీయ్, దానికి ఆడ పనున్నది," అంది.

చలి మొదలైంది. ఒక ఆదివారం పొద్దున అఖిల పొట్టి చేతుల డ్రెస్సు వేసుకుని ఎండలో చదువుకుంటోంది. పాత గీతలు తెల్లబడ్డాయి, వాటిని దాచుకోవడం మానేసింది. పిట్ట రెక్కలు దులుపుకుంది. కనకవ్వ సంతోషంగా ఎడమ చెయ్యి చాచింది. పిట్ట ఆ చేతి మీదుగా పోయి, ఆకు కత్తిరిస్తున్న భాగ్య గొంతు కింద, గుండె మీద వాలింది.

భాగ్య కొంగుతో రుద్దుకుంది. "నాకేం నొప్పున్నది? పో!"

పిట్ట పోలేదు.

అఖిల పుస్తకం మూసి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. దారం చుట్ట అందుకుని, కట్టాల్సిన బీడీలు ఒళ్లోకి లాక్కుంది. కొంతసేపటికి మాత్రం మెల్లగా అంది, "అమ్మా, పిట్ట అచ్చింది."

భాగ్య ఏం లేదనబోయింది. పదహారేళ్లుగా ఎవరడిగినా అదే చెప్పింది. ఈసారి కత్తెర కింద పెట్టింది.

"మీ బాపు మస్కట్ పోయిన తెల్లారి..." అని మొదలుపెట్టింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. భాగ్య చెబుతూనే ఉంది. చాటలో కత్తిరించిన ఆకు ఎండి ముడుచుకుపోతోంది. ఆ ఇంట్లో ఎవరూ దాని మీద తడిబట్ట కప్పలేదు.