శనివారం పొద్దుటి కిల్టు

మా అక్క కూతురి పెళ్ళిలో నేను కట్టుకున్న కిల్టు నాది కాదు. మా స్కాట్లండు మగవాళ్ళు పెళ్ళిళ్ళకి కట్టుకునే ఆ కుచ్చిళ్ళ గళ్ళ పావడాని పెర్త్‌లో బట్టలు అద్దెకిచ్చే కొట్టు నుంచి తెచ్చాను. ఎర్రగళ్ళ కిల్టు, వెండి బొత్తాల నల్ల కోటు, మెడకింద లేసు, నడుముకి ముందు వేలాడే తెల్లబొచ్చు సంచి. అద్దంలో చూసుకుంటే బిస్కెట్ డబ్బా మీద బొమ్మలా ఉన్నాను. భోజనాల దగ్గర కోటు బొత్తాం ఒకటి ఊడితే, జేబులో ఉన్న కంచె తీగ ముక్కతో బిగించేశాను. ఆ సాయంత్రం డాన్సులో, పెళ్ళికొచ్చిన రోనా అనే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది కాబట్టి ఆ వేషాన్ని ఇప్పుడు తిట్టలేను.

నేను కంచెలు వేస్తాను. కొండల మీద జింకలు చొరబడకుండా గుంజలు పాతుకుంటూ బతికే మనిషికి డాన్సు అడుగులు ఎక్కడ గుర్తుంటాయి? అందరూ ఎడమకి తిరిగితే నేను కుడికి తిరిగాను. ఎదురొచ్చినవాళ్ళకి దారివ్వబోయి అటు జరిగితే వాళ్ళూ అటే జరిగారు, ఇటు జరిగితే వాళ్ళూ ఇటే. చివరికి నడిమధ్యలో నిలబడి దిక్కులు చూశాను. వరస వరసంతా చిక్కుపడిపోయింది. రోనా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వెక్కిరింత కాదు. యాభై దాటిన నన్ను చూసి ఒక ఆడమనిషి అంత ఇష్టంగా నవ్వడం నాకు ఊహ తెలిసి లేదు.

వెళ్ళేముందు అంది: "శనివారం పదకొండింటికి ఆబర్‌ఫెల్డీ ఊళ్ళో వంతెన పక్క కెఫేకి రండి. ఒక్క సంగతి. నాకు మొహాలు గుర్తుండవు. చిన్నప్పట్నుంచీ అంతే. టోపీ తీస్తే మా అన్నయ్యనే పోల్చుకోలేను."

"మరి నన్నెలా...?"

"కిల్టు కట్టుకు రండి. పొద్దున పూట కిల్టులో ఇంకెవరుంటారు? మీరు మాత్రం చెయ్యి ఊపకూడదు, పేరు చెప్పకూడదు. పుట్టినప్పట్నుంచీ అందరూ తమ పేర్లు తామే చెప్పుకుంటుంటే వింటున్నాను. ఒక్క మనిషినైనా నా అంతట నేను పోల్చుకోవాలనుంది."

చప్పున మాటిచ్చేశాను. అద్దె బట్టలు తిరిగిచ్చేసి ఇంటికొచ్చాక గాని నా తెలివితక్కువతనం నాకు తెలిసిరాలేదు. కొట్టుకి ఫోన్ చేస్తే, "ఆ జత శనివారం వేరే పెళ్ళికి వెళ్తోందండీ" అన్నాడు.

ఇంట్లో ఉన్నది నాన్న కట్టుకున్న పాత కిల్టు ఒక్కటే. నాచురంగు మీద మట్టిరంగు గళ్ళు. దాని మీదకి ఏం వేసుకోవాలో తోచక అక్కకి ఫోన్ చేశాను.

"ఎఫీ అక్కా, పొద్దున పూట కిల్టు మీదకి ఏం వేసుకుంటారే?"

"ఎవరి పెళ్ళిరా లాకీ?"

"పెళ్ళి కాదు."

"అయ్యో, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. టీ తాగడానికి."

"ఒంట్లో బానే ఉందా?" అంది.

సంగతి విన్నాక సాయంత్రానికల్లా కారేసుకుని దిగింది. పక్కింటి వాటీ పెద్దాయన పిలవకుండానే వచ్చాడు. సైన్యంలో బ్యాగ్‌పైపు వాయించినవాడు, కిల్టు అన్న మాట గోడవతల అన్నా ఆయనకి వినబడుతుంది.

"చూడబ్బాయ్, వెండి బొత్తాలు సాయంత్రం పూటకి. పగలు కొమ్ము బొత్తాలు. సంచి కూడా ఉత్త తోలుదే. బొచ్చు సంచి పెట్టుకుని బజార్లో నిలబడ్డావంటే నిన్ను పాట వాయించమంటారు." అని, కిల్టుతో ఆనవాయితీగా పెట్టుకునే చిన్న కత్తి మేజోడు మడతలో దోపాడు.

అక్క ఆ కత్తి పీకేసింది. "టీ తాగడానికి కత్తెందుకు?"

"టీలోకి స్కోను రొట్టె కోసుకోడానికి."

"నువ్వూరుకో పెద్దాయనా. ఒరేయ్, కోటూ మేజోళ్ళూ టై అన్నీ ఒకే రంగులో కలిపావనుకో, అద్దె వాసనొస్తుంది. కలవకూడదు. అలాగని కొట్టుకోనూ కూడదు. ఏదో చేతికందింది తొడుక్కుని బయటికొచ్చినట్టుండాలి."

"చేతికందింది తొడుక్కుంటే నేను ప్యాంటు తొడుక్కుంటానే!"

"సహజంగా ఉండాలంటున్నాను."

"రోజూ కట్టుకునేవాడికి సహజం. నేను రోజూ కట్టుకుంటే ఎలా ఉంటానో నాకేం తెలుసు?"

ఇద్దరూ నన్ను చెరో పక్కా లాగారు. పెద్దాయన టై కట్టాడు, అక్క విప్పేసింది. మేజోళ్ళ మడత కింద ఆయన ఎర్ర పట్టీలు వేలాడదీస్తే, అక్క వాటిని లోపలికి తోసేసింది. కిల్టు అంచు మోకాలి మీదికి ఉండాలని ఆయన, కింద పడినా ప్రాణం పోదని ఆవిడ. నేను కొంకర్లు పోయే చలిలో మోకాళ్ళు బయటపెట్టుకుని నిలబడ్డాను. వారమంతా ఇదే గోల. గొర్రెల సంతకి వేసుకెళ్ళే నా ముతక ఉన్ని కోటు, మోచేతుల దగ్గర పల్చబడిన స్వెటరు, బూడిదరంగు మందపాటి మేజోళ్ళు, పనికెళ్ళే బూట్లు. శుక్రవారం నాటికి ఇవి నిలిచాయి. బూట్లు తుడిచాను. మరీ తుడిచావని అక్క తిట్టింది.

పరీక్షకి నన్ను వీధి చివరిదాకా నడిపించారు. ఎవరి పెళ్ళని ఒక్కళ్ళూ అడగలేదు. ఉత్తరాలిచ్చే ఆవిడ "వాన వచ్చేలా ఉంది లాకీ" అని వెళ్ళిపోయింది. అక్క గెంతినంత పని చేసింది.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. రోనా చూసిన ఎరుపు లేదు, వెండి లేదు, లేసు లేదు, తెల్లబొచ్చు లేదు. ఆవిడ దేన్ని చూసి పోల్చుకుంటుంది? అడిగితే పెద్దాయన, "కిల్టు కిల్టే కదయ్యా" అన్నాడు. అదీ నిజమే. నాకు ఏది నిజమో తెలియకుండా పోయి అప్పటికే నాలుగు రోజులైంది.

శనివారం ముందుగానే వెళ్ళి కెఫేలో గోడవార కూర్చున్నాను. కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చోవాలో, సర్దుకుంటే సహజంగా ఉండదో తేలక రెండుసార్లు లేచి కూర్చున్నాను. ఇంతలో తలుపు తోసుకుని ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. చర్చిలో పెళ్ళికి ముందు కాఫీ కోసం వచ్చిన పెళ్ళికొడుకు స్నేహితులు. ముగ్గురూ కిల్టుల్లోనే. నడిమివాడిది ఎర్రగళ్ళది. వెండి బొత్తాలు, లేసు, తెల్లబొచ్చు. కోటు మీద ఒక బొత్తాం కింద కంచె తీగ మెరిసింది.

అద్దె కొట్టువాడు చెప్పిన వేరే పెళ్ళి ఇదేనన్నమాట.

రోనా సరిగ్గా పదకొండింటికి వచ్చింది. గుమ్మంలో ఆగి గది కలియజూసింది. ఆ చూపు నా మీంచి కూడా వెళ్ళింది, బల్ల మీంచి వెళ్ళినట్టే. తరవాత ఎర్రగళ్ళ మీద ఆగింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. తిన్నగా వెళ్ళి ఆ కుర్రాడి ఎదుట కూర్చుంది.

"చూశారా, పోల్చుకున్నాను!" అంది.

"ఆ... బాగున్నారా అండీ?" అన్నాడు వాడు, పెళ్ళికూతురి తరఫు పిన్ని ఎవరో అనుకుని.

"అడుగులు నేర్చుకున్నారా లేదా?"

"ఏ అడుగులండీ?"

రోనా మొహంలో వెలుగు కొద్దికొద్దిగా తగ్గడం నేను చూశాను. వాడికి నా సగం వయసుండదు, అయినా ఆవిడకి మొహం ఏమీ చెప్పదు కదా. పిలిస్తే మాట తప్పినట్టు, పిలవకపోతే మనిషి పోయినట్టు. పేరు చెబితే, పేరు చెప్పుకున్న ఆ అందరిలో నేనూ ఒకణ్ణయిపోతాను. ఇక ఈ దేశంలో ఎవడూ ఆవిడకి కిల్టు కట్టుకుని కనబడకుండా ఉంటే బావుండునని కూడా అనిపించింది.

ఏం చెయ్యాలో తెలియకుండానే లేచాను. బయటికి పోదామనో, ఆవిడ దగ్గరికి పోదామనో, నాకే తెలీదు. ఎదురుగా టీ ట్రే పట్టుకుని హోటలు పిల్ల వస్తోంది. దారివ్వడానికి కుడికి జరిగాను, తనూ అటే జరిగింది. ఎడమకి జరిగాను, తనూ ఎడమకే. మళ్ళీ కుడికి. "నిలబడండి బాబాయ్, నిలబడితే నేనే పోతాను!" అంది పిల్ల. నిలబడ్డాను. నడిమధ్యలో, అటూ ఇటూ దిక్కులు చూస్తూ.

వెనకనుంచి నవ్వు వినబడింది. అదే నవ్వు.

"నువ్వే!" అంది రోనా. లేచి నిలబడి ఉంది. "చెప్పకు, పేరు చెప్పకు. నువ్వే కదూ?"

తలూపాను.

ఆవిడ ఆ కుర్రాడి భుజం తట్టి, "ఏమనుకోకు నాయనా, పెళ్ళికి ఆలస్యమవుతోంది, వెళ్ళు" అని చెప్పి నా బల్ల దగ్గరికి వచ్చేసింది. మీరు అనడం మానేసిందని టీ వచ్చాక గాని నేను గమనించలేదు. వారం రోజులు పడ్డ పాట్లన్నీ వెళ్ళబోసుకున్నాను. పెద్దాయన కత్తి, అక్క రంగులు, మరీ మెరిసిన బూట్లు.

రోనా బల్ల కిందికి వంగి నన్ను మోకాళ్ళ దాకా చూసింది.

"అరె," అంది, "నేను చూడనే లేదు, కిల్టులోనే వచ్చావా!"