కాఫీతోట మీద మబ్బు

జి.మాడుగులలో చైత్రమాసపు ఎండను నమ్మడానికి లేదు. పొద్దున్నే స్వెట్టర్ వేసుకుని బయటికొచ్చిన మనిషి కాసేపటికే దాన్ని విప్పి నడుముకి చుట్టుకుంటాడు. మధ్యాహ్నం చెమటలు కక్కుతాడు. సాయంత్రమయ్యేసరికి ఏ కొండ వెనక నుంచో చలిగాలి దిగితే మళ్లీ దాన్నే వెతుక్కుంటాడు. విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చిన సైన్సు టీచరు భానుశ్రీకి ఈ వాతావరణం కొత్త. కొత్త కాబట్టే ఇష్టం కూడా.

ఆమె అద్దెకుంటున్నది ఫల్గుణ ఇంట్లో. ఊరి చివర రేకుల ఇల్లు, దాని పైవాలులో కాఫీతోట. ఫల్గుణ భార్య సోములమ్మ భానుశ్రీ కంటే పదేళ్లు పెద్దది. వచ్చిన కొద్ది నెలలకే ఇద్దరికీ ఎంత చనువు కుదిరిందంటే, సెలవు రోజు వస్తే భానుశ్రీ తన గదిలో పొయ్యి వెలిగించడం మానేసింది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ తోటలోకి వెళ్లారు. కొమ్మల నిండా మొగ్గలు బిగిసిపోయి ఉన్నాయి. ఒక్క మంచి వాన పడితే విచ్చుకుంటాయి, పడకపోతే ఎండి రాలిపోతాయి. అందుకే సోములమ్మ కళ్లు మొగ్గల కంటే ఆకాశాన్నే ఎక్కువ చూస్తున్నాయి. ఎదురు కొండ నెత్తిన దూదిపింజంత మబ్బు అప్పుడే పుట్టింది.

"ఇందాక ఏటీ నేదు కదా మేడమ్. ఎక్కణ్ణించి వచ్చింది?" అంది.

భానుశ్రీకి అంతకంటే కావలసిందేముంది? ఒక రాయి మీద చతికిలబడి చెప్పడం మొదలుపెట్టింది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలిలో కంటికి కనపడని తడి ఉంటుందనీ, ఎండకి కాగిన కొండవాలు ఆ గాలిని పైకి తోస్తుందనీ చెప్పింది. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడి తడిని దాచుకోలేకపోతుంది. అప్పుడా తడి దుమ్ము, పొగ నలుసుల మీద సన్నని బొట్లుగా చేరుతుంది. అలాంటి బొట్లు కోట్లకొద్దీ కలిస్తే అదే మబ్బు.

"అయితే మన పోడు కాల్చిన పొగ కూడా అందులో ఉంటాదా?" అని సోములమ్మ ఆశ్చర్యపోయింది. ఉంటుందని భానుశ్రీ అంటే, తన పొగ ఆకాశంలో తిరుగుతోందన్న ముచ్చటకి ఆమె చాలాసేపు నవ్వింది.

వాళ్లు మాట్లాడుకుంటుండగానే మబ్బు గోబీపువ్వులా పొంగింది. పొంగి, పొంగి, తల మీద తల వేసుకుని ఎదిగింది. నిజమైన మబ్బు తన ఎదుటే అలా లేవడం భానుశ్రీ ఎప్పుడూ చూడలేదు. ఫోన్ తీసి ఫోటోలు తీసుకుంటూ ఉండిపోయింది. మబ్బు అడుగు నల్లబడటం చూసింది కానీ, వాన వస్తుందిలే, మొగ్గలకి మంచిదేగా అనుకుంది. సోములమ్మా అదే అనుకుంది. దిగువన నీడచెట్ల కొమ్మలు నరుకుతున్న ఫల్గుణ మాత్రం బేగి దిగిరమ్మని ఒకసారి కేకేశాడు.

దిగుతుండగానే గాలి తిరిగింది. ఒళ్లు జిల్లుమంది. రేగుపండ్లంత వడగళ్లు ఆకుల్ని చీల్చుకుంటూ పడ్డాయి. ముందు నడుస్తున్న సోములమ్మ సిల్వర్ ఓక్ చెట్టు పక్కకి వెళ్లి, రమ్మని చెయ్యి ఊపింది.

ఆ తర్వాత భానుశ్రీకి శబ్దం గుర్తులేదు. తెల్లటి వెలుగు ఒక్కటే గుర్తు. కళ్లు తెరిచేసరికి తను బురదలో పడి ఉంది. చెట్టు బెరడు పైనుంచి కిందిదాకా ఒలిచినట్టు లేచిపోయింది. సోములమ్మ వెల్లకిలా పడి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, వాటిలో వాన పడుతున్నా రెప్ప కదలడం లేదు.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలిచి ఉండదని పిల్లలకి పాఠం చెప్పిన మనిషి చెయ్యే, ముట్టుకోబోయి గాల్లో ఆగిపోయింది. ఆగింది ఒక్క క్షణమే. మరుక్షణం ఆమె సోములమ్మ ముక్కు దగ్గర చెంప పెట్టింది. ఊపిరి లేదు.

ఫల్గుణ పరుగెత్తుకొచ్చి, కొంచెం దూరంలో కొయ్యబారిపోయాడు.

"ముట్టుకోకు మేడమ్. పిడుగు దాని ఒంట్లోనే ఉంది. నువ్వూ పోతావు."

వచ్చి తల పట్టుకోమని భానుశ్రీ అడిగింది. అతను రాలేదు. ఆమెను వెనక్కి లాగుదామని దగ్గరికొచ్చి భుజం మీదికి చెయ్యి చాచి, ఆమె కూడా సోములమ్మను తాకి ఉందని తోచి, ఆ చేతినీ వెనక్కి తీసుకున్నాడు.

ఎప్పుడో ట్రైనింగులో రబ్బరు బొమ్మ మీద నేర్చుకున్నట్టు భానుశ్రీ రెండు అరచేతులూ ఛాతీ మధ్య ఆనించి నొక్కసాగింది. బొమ్మ ఇలా వెచ్చగా లేదు. దాని ఎముకలు ఇలా కిరకిరలాడలేదు. మధ్యమధ్య నోట్లోకి ఊపిరి ఊదింది. వడగళ్లు వీపు మీద రాలుతున్నాయి. లెక్క తప్పింది. ఏడుస్తున్నానని కూడా తెలియకుండా ఏడ్చింది. ఇక అయిపోయిందనుకున్న సమయంలో సోములమ్మ గొంతులో గురక లాంటిది పుట్టింది. తర్వాత దగ్గు. తర్వాత ఊపిరి.

పాడేరు ఆసుపత్రి నుంచి సోములమ్మ వారానికి తిరిగొచ్చింది. పిడుగు వల్ల కాలి మీద కొమ్మలు గీసినట్టు తేలిన ఎర్రటి మచ్చ అప్పటికే మాసిపోయింది. ఎడమ చెవి వినికిడి మాత్రం పోయింది. ఆ మధ్యాహ్నం జరిగిందేదీ ఆమెకి గుర్తులేదు, పొగ ముచ్చటకి నవ్విన నవ్వు కూడా. ఏం జరిగిందని భానుశ్రీని అడిగింది. భానుశ్రీ పిడుగు గురించి చెప్పింది, ఫల్గుణ గురించి చెప్పలేదు. దూరంగా ఉరిమితే చాలు, భానుశ్రీ చేతిలోది జారిపోతోంది.

ఫల్గుణ రోజుల తరబడి పళ్లెం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ఒక సాయంత్రం భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని, తల దించుకుని, గొణిగాడు. సోములమ్మకి వినపడలేదు.

"ఏటీ?"

రెండోసారి వాకిట్లో ఉన్న భానుశ్రీకి కూడా వినపడేలా అనాల్సి వచ్చింది. "ఆ రోజు నిన్ను నేను ముట్టుకోనేదు. బయమేసింది."

సోములమ్మ కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. మంచం మీద కొంచెం పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.